వెయ్యి రూపాయల బ్రాకెట్

20000-(1500+500) ఎంత? 18000. బ్రాకెట్ తీసేసి 20000-1500+500 అని రాయండి. 19000 అవుతుంది. అదే 20000+(1500+500)లో బ్రాకెట్ తీసినా ఏమీ కాదు. లోపలున్నది రెండింట్లోనూ ఒకటే. తేడా అంతా బ్రాకెట్‌కి ఎడమపక్కనున్న గుర్తులో ఉంది.

మా ఆఫీసు జీతాల షీట్లో ఇలాంటివి వందలు. ఏళ్ల తరబడి ఎవరికి వాళ్లు ఎందుకైనా మంచిదని బ్రాకెట్లు పెట్టుకుంటూ పోయారు. ((20000)+((3×400)))-((1500+500)) అంటే మూడు రోజుల ఓవర్‌టైమ్ కలిపి, రెండు కోతలు తీసేయడం. అంతే! అనవసరమైనవి తీసేసే ప్రోగ్రామ్ రాసే పని నాకు పడింది. పొరపాటున అవసరమైనది పోతే ఎవరి జీతమో మారిపోతుంది.

తీసి చూడు, జవాబు మారకపోతే వదిలెయ్ అని ఫ్రెండ్ ఒకడు సలహా ఇచ్చాడు. నమ్మకండి. 20000-(1500+0)లో బ్రాకెట్ తీసినా ఈ నెల జవాబు మారదు. వచ్చే నెల ఆ సున్నా స్థానంలో 500 వస్తే?

అందుకే నేను బ్రాకెట్ల జోలికే పోలేదు. ముందు లెక్క మొత్తాన్ని చెట్టులా మార్చాను. ఆకులు అంకెలు, కొమ్మలు చీలే చోట గుర్తులు, అందరికన్నా చివర చేయాల్సిన గుర్తు అన్నిటికన్నా పైన. ఏది ముందో కొమ్మలే చెబుతాయి కాబట్టి చెట్టులో బ్రాకెట్లే ఉండవు. ఇలా మార్చడానికి డచ్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా 1961లో చెప్పిన పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. రైల్వే యార్డులో పెట్టెల్ని పక్క పట్టాల మీద ఆపి వరస మార్చినట్టు, గుర్తుల్ని కాసేపు పక్కన ఆపుతుంది.

తర్వాత చెట్టుని చూస్తూ లెక్కని మళ్లీ కొత్తగా రాయడమే. లోపలి గుర్తు పైగుర్తు కన్నా బలహీనమైతే బ్రాకెట్ పెట్టాలి. కూడిక, తీసివేతలు బలహీనం, గుణకారం, భాగహారాలు బలమైనవి, మన బోడ్మాసే. రెండూ సమానమైతే, పైగుర్తు తీసివేతో భాగహారమో అయి, లోపలిది దానికి కుడివైపున ఉన్నప్పుడే బ్రాకెట్. 12÷(6÷2) అంటే 4, బ్రాకెట్ లేకపోతే 1. మిగతా చోట్ల అక్కర్లేదు.

కాగితం మీద అక్కర్లేదు, సరే. కంప్యూటర్ దశాంశాలతో వేరే పేచీ పెడుతుంది. పైథాన్‌లో 0.1+(0.2+0.3) అని కొడితే 0.6. బ్రాకెట్ తీసేస్తే 0.6000000000000001! కంప్యూటర్ ఈ దశాంశాల్ని ఉన్నదున్నట్టు దాచుకోలేదు, అందుకే ఏది ముందు కూడామన్నది కూడా లెక్కలోకొస్తుంది. దశాంశాలున్న చోట అలాంటి బ్రాకెట్లని ప్రోగ్రామ్ ముట్టుకోకుండా చేశాను.

అసలు తకరారు అకౌంట్స్ అక్క దగ్గర వచ్చింది. ఆవిడ ప్రతి లెక్కనీ టేబుల్ మీది పాత కాలిక్యులేటర్‌తో సరిచూసుకుంటుంది. దానికి బోడ్మాస్ తెలియదు, కొట్టిన వరసలో చేసుకుంటూ పోతుంది. బ్రాకెట్ తీసేసిన 20000+3×400 కొడితే 80,01,200 చూపించింది. ఫోన్‌లో 21,200.

"ఇంత జీతమైతే రేపట్నుంచి ఓవర్‌టైమ్ నేనే చేస్తా" అని నవ్వి, "ఏది ముందు కొట్టాలో నాకు కనబడాలి కదా తమ్ముడూ" అంది.

గుణకారం చుట్టూ బ్రాకెట్ ఉంచే ఆప్షన్ ఒకటి ఆ సాయంత్రమే కలిపాను. ఆవిడకెళ్లే షీట్‌కి అది ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది.