చేతిగడియారమునకు హంగులెన్ని?

కీ యిచ్చు పాతకాలపు వాచీలయందు జనులకు మరల మోజు కలిగినది. పెట్టెల అడుగున పడియున్న తాతల వాచీలు వెలికివచ్చుచున్నవి. వానిలో రెండు జాతులు కలవు. గంటలు, నిమిషములు, సెకండ్లు చెప్పి ఊరకుండునవి యొకజాతి. వారము, తేదీ, చంద్రుని వృద్ధిక్షయములు, పందెముల లెక్క మొదలగునవి కూడ చెప్పునవి రెండవ జాతి. ఈ అదనపు హంగులను ఇంగ్లీషులో గడియారపు పనివారు ‘కాంప్లికేషన్లు’, అనగా చిక్కులు, అందురు. ఆ పేరు పెట్టినవారు సత్యసంధులని మా యభిప్రాయము.

మాయింట రెండు జాతులును ఉన్నవి. మా మామగారిది హెచ్.ఎం.టి. జనతా. ఆ కంపెనీవారు జపానుదేశపు సిటిజన్ కంపెనీ తోడ్పాటుతో 1961లో బెంగుళూరున వాచీలు చేయ నారంభించిరి. మొదటి వాచీలను నెహ్రూగారు విడుదల చేసిరి. జనతాకు మూడు ముండ్లు, ఒక కీ, అంతే. లోపల 17 కెంపులుండును. అవి భూషణములు కావు, ఇరుసులు అరుగకుండ కొనలయందు పొదిగిన కృత్రిమపు రాళ్లు. సెకండునకు 5 మారుల చొప్పున అహోరాత్రమునకు 4,32,000 మారులు కొట్టుకొనును. ఇంత పాటుపడు ప్రాణి కోరునది దినమున కొక్కమారు కీ. మా మామగారు ఉదయమున సంధ్యవార్చుకొని కీ యిచ్చెడివారు. వారి తరువాత ఆ పని మాకు వచ్చినది.

రెండవది మావారి పినతండ్రిగారికి అత్తవారు పెండ్లిలో పెట్టిన ఆటోమేటిక్ వాచీ. పైన బంగారుపూత. లోపల అర్ధచంద్రాకారపు బరువొకటి చేయి కదలినప్పుడెల్ల తిరిగి స్ప్రింగును బిగించును. వారమును తేదీయు చిన్న గడులలో కనబడును. బంధువులు వచ్చినపుడు బీరువానుండి తీసి చూపునది దీనినే. కాని దాని తేదీచక్రమున 31 అంకెలున్నవి. ఏ నెలకెన్ని దినములో అది యెరుగదు. ఏడాదికి 5 మారులు, 31 లేని నెలలు ముగియగానే, మనమే సరిదిద్దవలెను. రెండు దినములు చేతికి పెట్టుకొనకున్న ఆగిపోవును. అప్పుడు గంట, వారము, తేదీ మూడును సవరింపవలెను. దానికిని వేళ చూడవలెను. ఇట్టి వాచీలలో రాత్రి 9 మొదలు తెల్లవారుజాము 3 వఱకు పండ్లచక్రములు తేదీని మార్చుటకై ఒకదానినొకటి పట్టుకొనియుండును. ఆ వేళ త్రోసిన పన్ను విరుగవచ్చును. సేవకు వచ్చిన దాసి యజమానురాలిచే సేవ చేయించుకొనుట యిట్టిదే. గోడనున్న తెలుగు క్యాలెండరు తేదీతోపాటు తిథిని, వర్జ్యమును, రాహుకాలమును కూడ చెప్పి, ఏడాదిపొడవున మననేమియు అడుగదు.

హంగులకు అంతులేకున్న ఏమగునో ఫ్రాన్సురాణి మేరీ ఆంటోనెట్ కథ చెప్పును. ఆమె కొఱకని 1783లో బ్రెగే అను శిల్పికి ఒక జేబుగడియారము చేయుమని ఆర్డరు వచ్చెను. నాటికి తెలిసిన హంగులన్నియు అందుండవలెనట. విప్లవము వచ్చి 1793లో రాణి తల కోల్పోయెను. బ్రెగే 1823లో పోయెను. గడియారము 1827లో పూర్తియయ్యెను. చెఱలోనున్న రాణి సాదా గడియారమొకటి కావలెనని కోరగా, బ్రెగే పంపినట్లు ఆ కంపెనీవారు వ్రాసికొనియున్నారు. ఆమెకు కాలము చెప్పినది అదియే కాబోలు.

మావారు ఈ మాటకు ఒప్పుకొనరు. ప్రతిదినము నల్లబల్లపై తేదీ వ్రాయువారికి చేతిమీద తేదీ యున్న మేలు గదా యందురు. కాగితములమీద సంతకములు చేయు ఆఫీసువారి విషయమున మేమును ఒప్పుకొందుము. నల్లబల్ల మాట యన్ననో, తరగతిలోని పిల్లలందఱును ఏకకంఠముగ తేదీ చెప్పుదురు!

మా తండ్రిగారు మాకు సిద్ధాంతశిరోమణి చెప్పునపుడు యంత్రాధ్యాయమున చాలసేపు ఆగెడివారు. 12వ శతాబ్దిలో భాస్కరాచార్యులు గోళము, శంకువు, ఘటీయంత్రము మొదలగువానిని వర్ణించి, తుదకు ధీయంత్రమును, అనగా బుద్ధిని, అన్నిటికంటె మిన్నగ నెంచిరి. బుద్ధి గలవానికి చేత ఒక కఱ్ఱ చాలునని వారి భావము. ఇక ఘటీయంత్రమన్ననో, అడుగున సన్నని రంధ్రముగల గిన్నె. నీటిపై విడిచిన 24 నిమిషములలో మునుగును. అదియే గడియ, మన గడియారమునకు పేరు అందుండియే వచ్చినది.

ఇంతవఱకు చదివి, ఉన్నదానిని తగ్గించుటయే మా మతమని తలపవలదు. తొలినాటి గడియారములకు గంటలముల్లు ఒక్కటియే యుండెను. సెకండ్లముల్లు కూడ ఒకప్పటి అదనపు హంగే. దానిని మాత్రము మేము విడువము.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖకడ తీరము దాటినది. మేమప్పుడు ఆ జిల్లాలోనే ఒక పల్లెయందుంటిమి. కరెంటు పోయినది, సెల్‌ఫోనులు చచ్చినవి. మూడవ రాత్రి రెండేండ్ల మా అమ్మాయికి జ్వరము, దగ్గు, ఎగరొప్పు. ఊరి ఆశా కార్యకర్త అంతకుముందు తల్లులందఱకు ఒక లెక్క నేర్పియుండెను. బిడ్డ ఏడ్వక నెమ్మదిగానున్నపుడు నిండు నిమిషము పొట్ట ఎన్నిమారులు ఎగయునో లెక్కింపవలెను. రెండునెలలు నిండి ఏడాదిలోపు బిడ్డకు 50, ఏడాది నిండి అయిదేండ్లలోపు బిడ్డకు 40, లేక అంతకు మించిన, న్యుమోనియా యని శంకించి తడయక ఆస్పత్రికి కొనిపోవలెను. మా అత్తగారు జనతాను లాంతరుకడ పట్టుకొని, ముల్లు 12 దాటగానే “ఊఁ” అనిరి. మేము లెక్కించితిమి. 52. మరల లెక్కించితిమి. 51. తెల్లవారనిమ్మనుచున్న మావారు ఆ అంకె విని మాటాడక లేచి, బిడ్డను భుజమున వేసికొని, పడిపోయిన చెట్లు దాటుచు నడచిరి. న్యుమోనియా యేనని డాక్టరుగారనిరి. ఆరుదినములకు బిడ్డ నవ్వుచు ఇంటికి వచ్చినది. ఆ రాత్రి ఏ వారమో, ఏ తేదీయో మాలో ఎవరును తలపలేదు.

స్త్రీలకని చేసిన పాత చిన్నవాచీలలో పెక్కింట ఈ ముల్లే లేదు. గాజులకు జోడుగ నాజూకుగ నుండవలెనని దానిని తీసివేసిరి. ఆడుదానికి సెకండ్లతో పనియేమని తలచిరి కాబోలు! పాతవాచీ కొనదలచిన సోదరీమణులు పూతను, గడులను చూచుటకుముందు ఆ ముల్లున్నదా యని చూడవలెను. పిమ్మట చెవికడ పెట్టుకొని, చప్పుడు తడబడక వచ్చుచున్నదా యని వినవలెను.

గతమాసమున రెండు వాచీలను బాగుచేయువానికి చూపితిమి. జనతాను విప్పి, కడిగి, నూనెవేసి మూడవనాడు ఇచ్చెను. రెండవదానిలో తేదీ మార్చు చక్రము అరిగినదట. ఆ వాచీల కంపెనీని మూసివేయుటకు కేంద్ర మంత్రివర్గము 2016 జనవరిలో ఆమోదించెను గనుక, మరియొక చచ్చిన వాచీనుండి చక్రము తీసి వేయవలెనట. ఖర్చు జనతాకైనదానికి మూడింతలు. పినతండ్రిగారి జ్ఞాపకము గదా యని మావారు. అమ్మాయి పుస్తకముల ఖర్చు ముందున్నదని మేము. అమ్మాయి ఇప్పుడు జనతాను కట్టుకొని బడికి పోవుచున్నది; ఉదయమున కీ తానే యిచ్చుకొనును. బంగారుపూత వాచీ బీరువాలో నున్నది. దాని తేదీగడిలో 31 సగము, 1 సగము కనబడుచున్నవి.