ఆశువు అనే మాట

ఆశుకవిత్వం అనే మాట పాఠంలో వచ్చినప్పుడల్లా పిల్లలకు తిరుపతి వేంకట కవుల గురించి చెబుతాం. ఎవరో అడగగానే, అప్పటికప్పుడు, ఛందస్సు తప్పకుండా పద్యం చెప్పారంటాం. ఈ ఆశువు సంస్కృతం నుంచి వచ్చింది. 'ఆశు' అంటే త్వరగా, వేగంగా. కవిత్వాన్ని ఆశు, మధుర, చిత్ర, విస్తరాలని నాలుగుగా చెప్పిన పెద్దలు దీన్నే ముందు పెట్టారు.

మాకు ఆ మాటకున్న ఇంకో అర్థం ఎక్కువ నచ్చింది. సంస్కృతంలో త్వరగా పండే వరిని కూడా ఆశు అన్నారు. బెంగాల్‌లో 'ఆవుస్' అనే వరి పంటకు ఆ పేరు దీన్నుంచే వచ్చింది. త్వరగా పండుతుంది సరే, విత్తనం దాచుకోని ఇంట్లో ఏ వడ్లు పండుతాయి? పోడు చేసిన వాళ్లం, ఇది మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మా కోయ ఊళ్లలో విజ్జ పండుం రోజుల్లో మగవాళ్లు వేటకు వెళతారు. ఆడవాళ్లు దారికి అడ్డంగా నిలబడి, పాడుతూ, వచ్చేపోయేవాళ్లను డబ్బులు అడుగుతారు. బండి మీద ఎవరొస్తారో ముందు తెలియదు. వచ్చినాయన కళ్లజోడూ, బండి రంగూ, జేబులోంచి పది రూపాయలు తీయడానికి ఆయన పడే అవస్థా అన్నీ పాటలోకి ఎక్కుతాయి. ముందు పాడే ఆమె ఒక మాట అంటే మిగతావాళ్లు 'రేల' అని అందుకుంటారు. వాళ్లు పాడేలోపు ఆమెకు తర్వాతి మాట దొరుకుతుంది. ఆ పల్లవి ఆమెకు ఊపిరి తీసుకునే వ్యవధి. అవధానికి యతిప్రాసలు ఎలాగో ఆమెకు ఆ వరస అలాగ. పెళ్లిళ్లలో, నాట్లలో, కొలుపుల్లో చిన్నప్పటి నుంచి వినివిని నోట పట్టింది. పద్యం చెప్పినాయన్ని ఆశుకవి అంటాం. ఈమెను ఏమంటున్నాం? ఏ పాఠంలోనూ ఈమె లేదు.

ఇప్పుడు ఆగస్టు 9 వస్తే పాట ముందే రాసి ఇమ్మంటున్నారు, ఎన్ని నిమిషాలో చెప్పమంటున్నారు. పిల్లలు ఫోన్లో పాట పెట్టుకుని అడుగులు వేస్తున్నారు. అడుగులు బాగానే పడుతున్నాయి. కానీ మాట అల్లగలిగిన పిల్ల వరసలో చివర నోరు మూసుకుని నిలబడుతోంది. కోయలో తెలుగు కలుస్తుందని భయం ఒకటి. కలిస్తే ఏం? దారి మీద పాటలో హెల్మెట్ కూడా వచ్చింది.

తోటి టీచర్లు ఒకటి చేసి చూడండి. శనివారం చివరి పీరియడ్‌లో పిల్లలకు వరస మాత్రం ఇవ్వండి, మాటలు ఇవ్వకండి. మా బడిలో మొదటి రెండు వారాలూ నవ్వులే. మూడో వారం ఐదో తరగతి పిల్ల ఒకతె మధ్యాహ్నం పెట్టిన గుడ్డు ఎంత చిన్నదో పాట కట్టింది. క్లాసంతా అందుకుంది. రాసుకుందామని మేము పెన్ను తీసేసరికి, పాట గుడ్డు దాటి సాంబారులోకి వెళ్లిపోయింది.