రజాయి పరిచే జాగ

మాది దూదేకుల ఇల్లు. తాత విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి దూది ఏకాడు. మిషన్లు వచ్చి ఆ విల్లును మూలన పెట్టాయి. నాయిన రామకృష్ణాపూర్ వచ్చి బాయి దిగాడు. కంపెనీ ఇచ్చిన రెండు గదుల క్వార్టర్‌లో కులవృత్తి అమ్మ చేతుల్లో మిగిలింది. పెళ్లిళ్ల కాలంలో ఆమె రజాయిలు కుట్టేది.

రజాయికి సూది కంటే ముందు నేల కావాలి. అడుగుగుడ్డ ముడత లేకుండా పరవాలి. దూదిని అంచుల దాకా సమంగా పొరలు వేయాలి. పైగుడ్డ కప్పి, కర్రతో తట్టి, అంతటా కుట్టు పడేదాకా మడవడానికి లేదు. మడిస్తే దూది ఒకవైపు జారి గడ్డ కడుతుంది. ఇద్దరు కప్పుకునే రజాయి పరిస్తే ముందుగది గోడ నుంచి గోడకు నిండేది. మంచం బయటికి, బియ్యం డబ్బా వంటింట్లోకి, పిల్లలం గడప మీదికి. దూది లేస్తుందని ఎండాకాలంలోనూ ఫ్యాను వేసేది కాదు. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన నాయిన లోపలి గదిలో పడుకుంటే, ఆయన లేచేలోపు ముగించాలి.

"మా అల్లునికి పెద్దది కుట్టు చెల్లె" అని పక్క క్వార్టర్ పెద్దమ్మ అడిగేది. మేం కుట్టిన రజాయి కప్పుకునేవాళ్లు మా ఇంట్లో నీళ్లు తాగేవాళ్లు కాదు. ఎదురింటి ఖాలా "ఉర్దూ రాదు, మీరేం ముసల్మానులు?" అని నవ్వేది. బడిలో నా పేరు చూసి "తెలుగు ఇంత మంచిగ ఎట్ల వస్తది?" అన్నారు. నాకు వచ్చిన భాష అదొక్కటే.

పింజారి అంటే దూది ఏకేవాడు. తెలుగులో అది తిట్టయింది. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుడు సిద్ధయ్య దూదేకులవాడే. ఆయనకు దండం పెట్టే నోళ్లే ఆ తిట్టూ తిడతాయి. 1970లో సర్కారు మమ్మల్ని బీసీ 'బి'లో రాసింది. 2007లో మరికొన్ని ముస్లిం కులాలకు 'ఇ' కింద 4 శాతం వచ్చింది. నమాజులో ఒకే వరసలో నిలబడేవాళ్లం సర్టిఫికెట్లలో వేరు వేరు అక్షరాలమయ్యాం. నా చదువు ఆ 'బి' పెట్టిన భిక్ష కాదు, తాత విల్లు మోసిన భుజానికి రావలసిన బాకీ.

ఒకరి ముందు తెలుగును మడవాలట, ఇంకొకరి ముందు పేరును మడవాలట. పేరు నాది, తెలుగు నాది, దూది ఏకిన కులమూ నాదే. ఏదీ మడవను. పరవడానికి జాగ కావాలి, కొంచెం జరగండి.