నాలుగు ఖాళీలు

కిందటి సంక్రాంతికి మా మేనకోడలు హైదరాబాదు నుంచి దిగింది. ఏటా వస్తూనే అరిసెల డబ్బా ఎక్కడుందని అడిగే పిల్ల, ఈసారి నా గదిలోకి వచ్చి, "మావయ్యా, నేనో పాఠం రాశాను. తెలుగు నువ్వు సరిచెయ్యాలి," అంది.

ఇరవై యేళ్ళుగా కాలేజీలో తెలుగు చెబుతున్నవాణ్ణి. సరిచెయ్యమంటే నాకు పండుగే. "దేని మీద పాఠం?" అన్నాను.

"జాంగో మీద."

"అదేం బట్టల సబ్బా?" అంది వంటింట్లోంచి మా ఆవిడ.

అమ్మాయి నవ్వి కూర్చుని చెప్పింది. పెళ్ళికి ప్రతివాడూ వెదుళ్ళు కొట్టుకొచ్చి పందిరి కట్టడు కదా. స్తంభాలూ, గుడ్డలూ, కుర్చీలూ సామాన్ల కొట్టునుంచి వస్తాయి. పెళ్ళీ వంటలూ మనవి. వెబ్‌సైటు కట్టడమూ అంతేనట. వచ్చినవాణ్ణి సరైన గదికి పంపే దోవ, లెక్కలు దాచే బీరువా, దొంగలు జొరబడకుండా కాపలా, ఇవన్నీ ముందే తయారుచేసి పెట్టిన సామాను పేరు ఫ్రేమ్‌వర్క్. అందులో ఒకటి జాంగో.

"అద్దె ఎంత?" అన్నాను.

"అద్దె లేదు మావయ్యా. ఎవరైనా తీసుకోవచ్చు, విప్పి చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఓపెన్ సోర్స్ అంటే అదే."

"అమ్మేవాడే లేని సరుకుకు ప్రచారం ఎవరు చేస్తారే?"

"పాఠాలు రాసేవాళ్ళు," అంది.

ఆ మాట నాకు నచ్చింది. ఆ రాత్రి మరికొంత చెప్పించుకున్నాను. అమెరికాలో కాన్సస్ రాష్ట్రం, లారెన్స్ అనే చిన్న వూళ్ళో ఒక దినపత్రిక వుంది. 2003లో ఆ పత్రిక వెబ్‌సైట్లు చూసే ఏడ్రియన్ హోలోవాటి, సైమన్ విల్లిసన్ అనే ఇద్దరు కుర్రవాళ్ళు పని త్వరగా తెమలడానికి ఈ చట్రం కట్టుకున్నారట. పత్రికాఫీసులో పని ఎప్పుడూ నిన్నటికే కావాలి గదా! 2005లో దాన్ని లోకానికి వూరికే ఇచ్చేశారు. జాంగో రైన్‌హార్ట్ అనే గిటారు విద్వాంసుడి పేరు పెట్టారు. తరువాత హోలోవాటి, జేకబ్ కాప్లాన్ మాస్ అనే స్నేహితుడితో కలిసి దానిమీద పుస్తకం రాశాడు. 2007లో అది అచ్చయింది. అచ్చుకు ముందే అధ్యాయం తరువాత అధ్యాయం ఇంటర్నెట్టులో వుంచి, ప్రతి పేరా పక్కనా చదివినవాడు తన సందేహం రాసుకునే చోటు ఇచ్చారట. 2014లో ఓలా సితార్స్కా, ఓలా సెండెకా అనే పోలెండు యువతులిద్దరు, ఏమీ తెలియని ఆడపిల్లలకోసం బెర్లిన్‌లో జాంగో తరగతి పెట్టి, దానికోసం మరో పాఠం రాశారు. ఎవరెవరో పూనుకుని దాన్ని ఎన్నో భాషల్లోకి దింపారు.

"మనవాళ్ళెవరూ లేరా?" అన్నాను. తెలుగు మాస్టరుకు ఆ మాత్రం అభిమానం వుంటుంది మరి.

"ఆనంద్ చిటిపోతు గారున్నారుగా," అంది. అమెరికా యువకుడు ఆరన్ స్వార్ట్జ్ చేసిన వెబ్.పై అనే ఇలాంటి చట్రాన్నే ఆయన సంరక్షించారట. బెంగుళూరులో పైథాన్ తరగతులు చెబుతూ రాసుకున్న నోట్సునే పుస్తకంగా మలిచి అందరికీ వుచితంగా వుంచారట.

మర్నాడు పాఠం చేతికి తీసుకున్నాను. అమ్మాయి తెలుగు ఎలా వుందంటే, బజార్లో మాట్లాడుకున్నట్టు వుంది. నాలోని ఎమ్మే లేచి కూర్చున్నాడు. సర్వరును "సేవక యంత్రం" చేశాను. బ్రౌజరును "విహారిణి" చేశాను. "బ్రౌజరు తెరవండి" అన్నచోట "విహారిణిని తెరువుడు" అని దిద్ది, నా ప్రజ్ఞకు నేనే మురిసిపోయాను. మధ్య మధ్య ఇంగ్లీషు పంక్తులు కొన్ని లోపలికి జరిగి వంకరగా కనిపించాయి. అచ్చు ప్రతుల్లో అంచు సమంగా లేకపోతే నాకు కన్ను నొప్పి. వాటినన్నిటినీ వరసలో నిలబెట్టాను. మావయ్య తెలుగే ముట్టుకుంటాడనుకుని మా అమ్మాయి ఆ పంక్తులు మళ్ళీ చూడలేదు.

నా విద్యార్థిని ఒకమ్మాయి వుంది. కోనసీమలో లంక వూరు. తండ్రి కొబ్బరి వలుపుకు వెళతాడు. వేలు పోసి కోర్సులు చేరే స్తోమతు లేదు. అన్న కొనుక్కున్న పాత ల్యాప్‌టాప్ వుంది. ముందుగా చదివి చూడమని పాఠం ఆ పిల్లకు ఇచ్చాను. వారమైనా జవాబు లేదు. ఒకనాడు క్లాసయ్యాక ఆపి అడిగాను.

"ఏమ్మా, చదివావా?"

"చదివానండి."

"అయితే వచ్చిందా?"

తల వంచుకుంది. "మొదట రాకెట్ బొమ్మ వచ్చిందండి. తరవాతి పాఠంలో ఆగిపోయిందండి. మూడు రోజులు చూశానండి. నాకు ఇంగ్లీషు రాదని తెలుగులో మొదలెట్టానండి. తెలుగులో కూడా రాలేదంటే నాకింక రానట్టే కదండి మాస్టారూ."

ఆ సాయంత్రం ఆ పిల్లను ఇంటికి తీసుకువచ్చి, మేనకోడలికి ఫోను చేయించాను. తెరమీద వున్న తప్పు చదవమంది. "ఇండెంటేషన్ ఎర్రర్" అని ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ చదివింది. అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం.

"మావయ్యా, పంక్తులు నువ్వేమైనా జరిపావా?"

విషయం ఇది. జాంగో నడిచేది పైథాన్ అనే భాషలో. అందులో ఒక పని కిందికి వచ్చే పంక్తిని, మామూలుగా నాలుగు ఖాళీలు, లోపలికి జరిపి రాయాలి. ఆ జరగడమే దానికి వ్యాకరణం. ఏ పంక్తి దేని లోపలిదో దాన్నిబట్టే తెలుస్తుంది. నేను అందం కోసం ఆ ఖాళీలు చెరిపేశాను. ఆ పిల్ల నా పాఠాన్ని ఒక్క అక్షరం పొల్లుపోకుండా దింపింది. తప్పంతా నాది. మూడు రోజులు శిక్ష అనుభవించింది ఆమె.

నాలుగు ఖాళీలు పెట్టించాను. అడిగిన వాక్యం తెరమీదికి వచ్చింది. "ఆయ్, వచ్చిందండీ!" అని కుర్చీలోంచి లేచి నిలబడింది. మా ఆవిడ తెచ్చిన కాఫీ చల్లారిపోయినా తాగలేదు.

"విహారిణి అంటే ఏమిటనుకున్నావమ్మా?" అని అడిగాను తరువాత.

"ఏదో కొత్త యాప్ అనుకుని వెతికానండి," అంది.

మా కాలేజీలో పద్యం అర్థం కాకపోతే విద్యార్థి నన్ను అడుగుతాడు, లేదా నవ్వుకుంటాడు. ఇంట్లో ఒంటరిగా పుస్తకం పెట్టుకుని నేర్చుకునేవాడికి అడగడానికి మనిషి లేడు. పాఠంలో తప్పుంటే అది తన బుర్రలో లోపమే అనుకుంటాడు. ఇంతకాలంగా నా నోట్సులు చదివి ఇలా తలవంచుకుని వెళ్ళినవాళ్ళు ఎందరో!

1874లో మా వూళ్ళో వివేకవర్ధిని పెట్టిన వీరేశలింగంగారు తొలుత కఠినమైన గ్రాంథికం రాసి, చదివేవారికోసం సులభమైన వచనానికి దిగివచ్చారని ఏటా క్లాసులో చెబుతాను. పరీక్షలో ప్రశ్నగా ఇస్తాను కూడా. అది నాకు అన్వయించుకోవలసిన సంగతని యాభై దగ్గర పడేదాకా తోచలేదు.

ఒక పద్ధతి పెట్టుకున్నాం. మేనకోడలు రాస్తుంది. ఆ పిల్ల చేసి చూస్తుంది. ఎక్కడ ఆగితే అక్కడ పెన్సిలుతో గీత పెడుతుంది. ఆ గీత దగ్గర నేను వాక్యం మారుస్తాను. సర్వరు సర్వరుగానే వుంది. విహారిణి వెళ్ళిపోయింది. జాంగో గొప్పదని ఎక్కడా రాయలేదు. మొదటి పుట చెప్పినట్టు చేసి చివరకు వచ్చినవాడు, పక్కవాడికి తానే చెబుతాడు.

మొన్న ఆ పిల్ల ఆరో పాఠం తిరిగి ఇచ్చింది. మొదటి పాఠంలో పదిహేడు గీతలున్నాయి, ఇందులో రెండే. ఒకటి మేనకోడలిది. రెండోది నాది. "వాక్యం బాగుందండి, కాని పొడుగు," అని పక్కన చిన్న అక్షరాలతో రాసింది.

ఇరవై యేళ్ళలో నా వ్యాసానికి ఒక విద్యార్థి వేసిన మార్కులు ఇవే. వాక్యం రెండు ముక్కలు చేశాను.