అత్తగారి ఫొటో – నా చత్వారం

నవ్వకండి. నలభై ఆరేళ్లొచ్చి, వంటింటికీ వాకిలికీ మధ్య తిరిగే నేను కెమెరా గురించి రాస్తానంటే మావారే ముందు నవ్వారు.

మా మామగారు 2019లో పోయారు. పదకొండో రోజుకి పటం కట్టిద్దామంటే ఇల్లంతా వెతికినా ఆయనొక్కరే ఉన్న ఫొటో దొరకలేదు. పెళ్లి ఫొటోల్లో ఎక్కడో వెనక తల మాత్రం కనిపిస్తుంది. చివరికి ఏదో కార్డు కోసం తీయించుకున్న తపాలా బిళ్లంత ఫొటోని పెద్దది చేయించాం. అందులో ఆయన కళ్లు పెద్దవి చేసి, మెడ బిగించి, ఎవరో కసిరితే నిలబడినట్టుంటారు. అత్తగారు రోజూ దానికి పువ్వు పెడతారు గానీ, "ఈయనెవరో గానీ మీ మావ కాదే" అంటూంటారు. ఆవిడ ఫొటో అయినా ఆవిడలా ఉండేది ఒకటి తీసి ఉంచాలని అప్పుడే అనుకున్నాను. ఇలాంటి మాట పైకి అనలేం కదా!

ఆ మధ్య సంక్రాంతికి వచ్చిన మా అబ్బాయి తన చిన్న కెమెరా ఇంట్లో వదిలి వెళ్లాడు. మిర్రర్‌లెస్ అంటారట. పెద్ద కెమెరాల్లో లోపల ఒక అద్దం ఉండి, బొమ్మని మనం కన్ను పెట్టి చూసే చోటికి పంపుతుంది. వీటిలో ఆ అద్దం లేదు. లెన్స్ చూసిందే నేరుగా తెర మీద కనిపిస్తుంది. 2008లో పానసోనిక్ లుమిక్స్ జి1 వచ్చాక ఈ రకానివి బాగా పెరిగాయి.

అన్నీ అదే చూసుకుంటుంది, నువ్వు మీట నొక్కితే చాలన్నాడు వాడు. సరేనని, అత్తగారు వసారాలో కూర్చుని పత్తితో వత్తులు చేస్తుంటే నొక్కాను. చూస్తే ఆవిడ మసగ్గా ఉన్నారు. వెనక గోడ మీద పటంలో మామగారు మాత్రం కనుబొమలతో సహా స్పష్టంగా ఉన్నారు! ఆవిడకి చూపిస్తే పకపకా నవ్వి, "బతికున్నన్నాళ్లూ ఆయనే ముందు. ఇప్పుడూ ఆయనేనేటే!" అన్నారు.

రాత్రి మా అబ్బాయిని ఫోన్‌లో అడిగితే సంగతి తెలిసింది. ఆటోఫోకస్‌లో కెమెరా ముఖాల కోసం, కళ్ల కోసం వెతుకుతుందట. అత్తగారు తల వంచుకుని ఉన్నారు. పటంలో ఆయన రెండు కళ్లూ తెరిచి ఎదురుగా చూస్తున్నారు. మనిషో పటమో దానికేం తెలుసు? ముఖాలు వెతకడం ఆపేసి, తెర మీద చిన్న గడిని ఆవిడ చేతుల మీద పెట్టమన్నాడు. పెట్టాను. లెన్స్ ముందుకీ వెనక్కీ కొట్టుకుంది గానీ కుదురుకోలేదు.

దానికీ కారణముంది. రేడియోలో విశాఖపట్నం స్టేషన్ పట్టుకోవడం గుర్తుందా? ముల్లు తిప్పుతూ పోతే మాట తేటగా వస్తుంది, దాటితే మళ్లీ గరగర. అప్పుడు కొంచెం వెనక్కి తిప్పుతాం. కొన్ని కెమెరాలు అచ్చం అలాగే, వెలుగూ నీడా తేడా ఎక్కడ బాగా కనిపిస్తే అక్కడ ఆగుతాయి. ఇంకొన్ని మన రెండు కళ్లలాగా రెండు వైపులనుంచి వచ్చే వెలుగుని పోల్చి దూరం కనిపెడతాయి. దేనికైనా పట్టుకోవడానికి ఒక గీతో అంచో కావాలి. అత్తగారిది తెల్ల చీర. చేతిలో తెల్ల పత్తి. పైగా సాయంత్రం చీకటి. పాపం, అది మాత్రం ఏం పట్టుకుంటుంది?

ఇక మాన్యువల్. లెన్స్ చుట్టూ ఉన్న కట్టుని మన చేత్తో తిప్పుకోవాలి. ఇక్కడ నాకు ఇంకో తంటా వచ్చింది, అదే చత్వారం. దగ్గరున్న తెర నాకే మసకైతే ఫొటో మసకో కాదో ఎలా తెలుస్తుంది? నలభై దాటితే కంట్లో కటకం గట్టిపడి దగ్గరి చూపు తగ్గుతుంది. మన కంటి ఆటోఫోకస్సే పోయిందన్నమాట! కళ్లజోడు పెట్టుకున్నాను. కన్ను పెట్టి చూసే కంత ఉన్న కెమెరాలకైతే, పక్కనే మన చూపుకి సరిచేసుకునే చిన్న చక్రం ఉంటుంది. దీనికది లేదు. ఎండలో తెర కనబడక కొంగు తల మీదుగా కెమెరా మీదికి కప్పుకున్నాను, పూర్వం స్టూడియోలో నల్లగుడ్డ కప్పుకున్నట్టు.

ఇందులో రెండు సదుపాయాలున్నాయి. ఒకటి, ఫోకస్ కుదిరిన అంచుల వెంట ఎర్రటి గీతలు చూపిస్తుంది. దాన్ని పీకింగ్ అంటారు. రెండోది, కావలసిన చోటుని తెర మీద పెద్దది చేసి చూపిస్తుంది. ఎర్రగీతల్ని పూర్తిగా నమ్మకూడదు, పెద్దది చేసి చూసుకోవాలని నాలుగైదు పాడయ్యాకే తెలిసింది.

అలాగని ఆటోఫోకస్ పనికిరాదనను. శివరాత్రి జాతరకి మా రామతీర్థం ఊరంతా జనమే. బొమ్మల కొట్ల మధ్య పరుగెత్తే మా ఆడపడుచు మనవణ్ణి అదే వదలకుండా పట్టింది. నేను కట్టు తిప్పేలోగా వాడు కోనేటి దగ్గరుంటాడు. కదిలేవాళ్లకి ఆటో, కుదురుగా కూర్చున్నవాళ్లకి మన చెయ్యి. ఫోన్‌తో తీసేవాళ్లయినా తెర మీద మీకు కావలసిన ముఖాన్ని వేలితో ఒకసారి తట్టి, అప్పుడు తీయండి.

మర్నాడు పొద్దున్న అరుగు మీద ఎండ పడుతుండగా మళ్లీ కూర్చున్నాను. ఈసారి అత్తగారి కళ్లజోడు అంచు పట్టుకుని, అక్కణ్ణుంచి కంటి కింది ముడతల దాకా మెల్లగా తిప్పుకుంటూ వచ్చాను. ఇరవై నాలుగేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఆవిడ ముఖాన్ని అంతసేపు ఎప్పుడూ చూడలేదు నేను. ఎడమ కనుబొమ మీద చిన్న మచ్చ ఉందని ఆ రోజే తెలిసింది. చిన్నప్పుడు నూతి గిలక తగిలిందట.

విజయనగరంలో ఫొటో కాగితం మీద వేయించి తెచ్చి ఇచ్చాను. కళ్లజోడు తుడుచుకుని చాలాసేపు చూశారు.

"ఇది నానే" అన్నారు. తర్వాత దాన్ని నా చేతిలో పెట్టి, "దీన్నే కట్టించండే. ఇంకోటి వెతకొద్దు" అన్నారు.

నేను పైకి అనలేకపోయిన మాట ఆవిడకి ముందే తెలుసన్నమాట. పొయ్యి మీద పాలున్నాయంటూ లోపలికి వచ్చేశాను.