చారల లెక్క

సున్నిపెంట దాటి నల్లమల లోపలికి వెళ్లాక, వాగు పక్క బండిదారి మలుపులో జీపు ఆగింది. దారికి రెండు పక్కలా చెట్లకు మోకాలెత్తున కెమెరాలు బిగిస్తున్నారు. చోటు చూపింది చెంచు ట్రాకర్. "కంపల్లో పడి పోదు సార్ పెద్దపులి. మెత్తటి దారే దానికీ ఇష్టం" అన్నాడు, ఇసుకలో అడుగుజాడ చూపిస్తూ.

రెండు కెమెరాలెందుకని అడిగాను. ఏ రెండు పులుల చారలూ ఒక్కలా ఉండవు. ఒకే పులికి కూడా ఎడమ పక్క చారలు వేరు, కుడి పక్కవి వేరు. రెండు వైపులా ఫొటో పడితే అది ఫలానా పులి అని తేలుతుంది. అడవిని రెండేసి చదరపు కిలోమీటర్ల గళ్లుగా విడదీసి, గడికో జత పెడతారు.

ఒకప్పుడు అడుగుజాడల అచ్చులు తీసి లెక్కించేవారు. నేల తడిని బట్టి, నడకను బట్టి ఒకే పులి జాడ మారిపోయేది. రాజస్థాన్‌లోని సరిస్కాలో పులులు కాగితాల మీదే ఉన్నాయని, అడవిలో ఒక్కటీ మిగల్లేదని 2005లో బయటపడింది. 1990ల మొదట్లో వన్యప్రాణి శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ కర్ణాటకలోని నాగరహొళెలో చేసి చూపిన కెమెరా పద్ధతి, 2006 నుంచి నాలుగేళ్లకోసారి జరిగే దేశవ్యాప్త గణనలో భాగమైంది.

బేస్ క్యాంపులో అధికారి కాగితం మీద లెక్క వేశారు. మొదటి విడత ఫొటోల్లో 20 పులులు పడ్డాయనుకుందాం. రెండో విడతలో 15 పడితే, అందులో 10 పాతవే. అంటే మూడింట రెండొంతులు ముందే తెలిసినవి. అడవి మొత్తంలోనూ అదే వాటా అనుకుంటే, మొదటి 20 మూడింట రెండొంతులు, మొత్తం 30. కళ్లబడ్డవి 25. ఎన్నడూ ఫొటోకు చిక్కని అయిదు పులులు ఇలా లెక్కలోకి వస్తాయి.

అసలు గణన ఇంకా లోతైనది. పులి తిరిగే ప్రాంతం నడిమికి కెమెరా ఎంత దూరమైతే, అది చిక్కే అవకాశం అంత తగ్గుతుంది. ఆ తగ్గుదలనూ లెక్కలో కలుపుతారు. కెమెరాలు లేనిచోట పులి ఆనవాళ్లు, దుప్పులు, కణుతుల సంఖ్య ఆధారమవుతాయి.

2022 గణనలో దేశంలోని పులులు 3,167 నుంచి 3,925 దాకా ఉండవచ్చని తేలింది. మనకు గుర్తుండిపోయింది 3,682 అనే సగటు ఒక్కటే. నాకు నమ్మకం కలిగించింది మాత్రం 3,167కూ 3,925కూ మధ్య ఉన్న ఎడం. తన హద్దు తానే చెప్పుకున్న లెక్కను మరొకరు సరిచూడగలరు, తప్పుంటే దిద్దగలరు. సరిస్కా కాగితాల్లో లోపించింది అదే. అందుకే పులుల సంఖ్య ప్రకటించిన ప్రతిసారీ ఆ ఎడాన్నీ పక్కనే ప్రకటించాలి, మనమూ దాన్ని అడిగి తెలుసుకోవాలి.