కంగారు మనిషి అని రాసుకునే ముందు

'మా పేట ఆడోళ్లు' వరసలో ఇది ఏడో భాగం. సైకాలజీ చదివే ఒక చెల్లెలు అడిగింది: "అక్కా, కరోనా కాలంలో గర్భిణులకూ బాలింతలకూ వచ్చిన దిగులుకు వాళ్ల వ్యక్తిత్వం కూడా కారణమంటున్నారు, నిజమేనా?"

కొంత నిజమే. ప్రతిదానికీ భయపడే స్వభావాన్ని సైకాలజీలో న్యూరోటిసిజం అంటారు. అలాంటివాళ్లను కష్టకాలం ఎక్కువగా కుంగదీస్తుంది. కానీ ఆ భయానికి ఏమేం తోడయ్యాయో కూడా చూడాలి కదా.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు మా వదినకు ఎనిమిదో నెల. అన్నయ్య గుంటూరు మిర్చి యార్డులో హమాలీ. యార్డు మూతపడింది, కూలి ఆగింది. తొలి కాన్పుకు పుట్టింటికి పోదామంటే దారిపొడవునా చెక్‌పోస్టులు. మే నెలలో నొప్పులొచ్చి ఆస్పత్రికి పోతే ఏ పేట అని అడిగారు. చెప్పగానే వరండాలోనే కూర్చోబెట్టారు. మా తర్వాత వచ్చినవాళ్లు లోపలికి పోయారు. అదేమంటే దూరం పాటించాలన్నారు. ఆ దూరం మాకు కరోనాతో వచ్చింది కాదు.

బిడ్డ పుట్టాక వదినకు నిద్ర లేదు. బిడ్డకు ఊపిరి ఆడుతోందా లేదా అని రాత్రంతా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. పేటలో గాలి సోకిందన్నారు. ఆస్పత్రిలో "మొదట్నుంచీ కంగారు మనిషేనా?" అన్నారు. ఏం జరిగిందమ్మా అని ఎవరూ అడగలేదు. దారులు తెరిచాక వాళ్లమ్మ వచ్చింది. నెమ్మదిగా వదినకు నిద్ర పట్టింది. మనిషి అదే మనిషి. పక్కన తల్లి ఉంది, అంతే.

బాలింతల దిగులును కొలవడానికి 1987లో వచ్చిన ఎడిన్‌బరో స్కేలు ఉంది. పది ప్రశ్నలతో గత ఏడు రోజుల మనసు సంగతి అడుగుతుంది. మంచి సాధనమే. అయితే ఇంట్లో బియ్యం ఉన్నాయా, వరండాలో ఎందుకు కూర్చోబెట్టారు అని అది అడగదు. అవి మనం అడగాలి. కరోనాకు ముందే, 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వచ్చిన ఒక విశ్లేషణ మన దేశపు బాలింతల్లో 22 శాతం మందికి డిప్రెషన్ ఉందని అంచనా వేసింది. ఇంతమందీ కంగారు మనుషులుగానే పుట్టారా?

సర్వేలకు పోయే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, స్వభావం గురించి రాసుకునే ముందు కూలి, కులం, తోడు గురించి అడిగి రాసుకోండి. స్కేలులో పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలనే ఆలోచన గురించి. దానికి 'ఎప్పుడూ లేదు' తప్ప ఇంకే జవాబు వచ్చినా ఆ తల్లిని ఒంటరిగా వదిలి రావద్దు. టెలి మానస్ ఉచిత నంబరు 14416. తెలుగులో మాట్లాడతారు. మీరే ఫోన్ కలిపి ఆమె చేతికివ్వండి.

జై భీమ్.